ఎండాకాలపు గ్రాండ్ కాన్యన్ యాత్రల తీరు మార్చండి: తెలుగు సంఘాల యాత్రా కమిటీలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల్లో విహారయాత్రల బాధ్యత చూసే కమిటీ సభ్యులకు నమస్కారం.

ఏటా మే నుంచి ఆగస్టు దాకా ఇండియా నుంచి తల్లిదండ్రులు వస్తారు. పిల్లలకు బడి సెలవులూ అప్పుడే. మీరు వేసే బస్సు యాత్రలు, లాస్ వేగస్ చుట్టూ అల్లే మూడు రోజుల ప్రయాణాలూ అప్పుడే. వాటిలో గ్రాండ్ కాన్యన్ తప్పకుండా ఉంటుంది. ఉండాలి కూడా, మన పెద్దవాళ్ళు చూసి తీరవలసిన చోటు అది. మేం మార్చమని అడుగుతున్నది ఆ యాత్ర నడిపే తీరును. పొద్దున వేగస్‌లో బస్సెక్కించి, మిట్టమధ్యాహ్నం కాన్యన్ అంచున దింపి, "రెండు గంటలు టైముంది, కాస్త కిందికి దిగి చూసి రండి" అని వదిలేసే పద్ధతి మానండి. ఎందుకు మానాలో, బదులుగా ఏం చెయ్యాలో రాస్తున్నాం.

ముందుగా, తీసుకెళ్తున్నది ఎక్కడికో ప్రకటనలో తేటగా రాయండి. వేగస్ నుంచి రెండున్నర గంటల లోపు చేరుకునే గ్రాండ్ కాన్యన్ వెస్ట్, నేషనల్ పార్కులో భాగం కాదు. అది వాలపాయ్ తెగవారి సొంత నేల. 2007లో తెరిచిన గాజు వంతెన స్కైవాక్ ఉన్నది అక్కడే. దాని టికెట్టు వేరు, నేషనల్ పార్కుల పాస్ అక్కడ చెల్లదు. నేషనల్ పార్కులో ఎక్కువమంది చూసేది సౌత్ రిమ్, అంటే లోయ దక్షిణపు అంచు. వేగస్ నుంచి సుమారు 280 మైళ్ళు, ఎక్కడా ఆగకపోతే నాలుగున్నర గంటలు. పిల్లలు, పెద్దలు ఉన్న బస్సు భోజనానికీ బాత్‌రూమ్‌కీ ఆగుతూ వెళ్తే ఆరు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. నార్త్ రిమ్‌లోని లాడ్జి 2025 జులైలో డ్రాగన్ బ్రావో కార్చిచ్చుకు కాలిపోయింది. పాత జాబితాల్లోంచి ఎత్తి రాసేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు విషయం. మనకు అలవాటైన పెద్ద నడక తిరుమల కొండ. అలిపిరిలో మొదలుపెట్టి 3,550 మెట్లు ఎక్కుతాం. కష్టమంతా ముందే ఉంటుంది. ఓపిక చాలదన్న సంగతి మొదటి మెట్లలోనే తెలిసిపోతుంది, అక్కడి నుంచి వెనక్కి దిగిపోవచ్చు. దారి పొడవునా పైకప్పు, నీళ్ళు, తిండి, మనుషులు ఉంటారు. పైకి చేరాక దిగి రావడానికి బస్సుంది. కాన్యన్‌లో ఈ వరస మొత్తం తలకిందులు. దిగడం ముందు, ఎక్కడం తర్వాత. దిగేటప్పుడు మోకాళ్ళు తప్ప ఏవీ ఫిర్యాదు చెయ్యవు, గాలి చల్లగా ఉంటుంది, ప్రతి మలుపులోనూ కొత్త దృశ్యం ఇంకొంచెం రమ్మంటుంది. కష్టం మొదలయ్యేది వెనక్కి తిరిగాక. అప్పటికి ఎండ ముదిరి ఉంటుంది, సీసాలో నీళ్ళు సగానికి వచ్చి ఉంటాయి. పైకి తీసుకెళ్ళే బస్సు ఉండదు. సౌత్ రిమ్ నుంచి బ్రైట్ ఏంజెల్ అనే కాలిదారిలో లోయ అడుగున ఉన్న కొలరాడో నది దాకా దిగితే దాదాపు 4,400 అడుగుల లోతు. దిగిన ప్రతి అడుగూ మళ్ళీ ఎక్కాల్సిందే. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు ఎక్కడానికి పడుతుందని పార్కు రేంజర్లు చెప్పే లెక్క మామూలు ఆరోగ్యవంతులకు. అరవై దాటినవాళ్ళకు, అధిక బరువున్నవాళ్ళకు ఇంకా ఎక్కువే పడుతుంది.

ఎండ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే "రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం, రామగుండంలో ఉద్యోగం చేసినవాళ్ళం, మాకిదో లెక్కా" అనే మాట పెద్దల నోట సహజంగానే వస్తుంది. రెంటచింతలలో 45 డిగ్రీల మధ్యాహ్నం ఎవరూ కొండ ఎక్కరు, తలుపులు వేసుకుని ఇంట్లో పడుకుంటారు. ఇక్కడ అదే వేడిలో ఎక్కడం ఉంటుంది. పైగా అంచు మీద నిలబడినప్పుడు ఆ వేడి తెలియదు. సౌత్ రిమ్ ఎత్తు సుమారు 7,000 అడుగులు, ఇంచుమించు ఊటీ అంత. జూన్‌లో కూడా అక్కడ పగలు 29, 30 డిగ్రీలకు అటూ ఇటూగా హాయిగా ఉంటుంది. కిందికి దిగే ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు మూడు డిగ్రీలు పెరుగుతుంది. నది దగ్గరి బస ఫాంటమ్ రాంచ్‌లో 43 దాటడం జూన్, జులైలలో మామూలే. నల్లటి రాతి గోడలు పగలంతా వేడి పీల్చుకుని రాత్రి కూడా కక్కుతూనే ఉంటాయి. విజయవాడలో చొక్కా తడిసి ముద్దవుతుంది కాబట్టి ఒంట్లో నీరు పోతోందని తెలుస్తుంది. ఈ పొడి గాలిలో చెమట పుట్టిన వెంటనే ఆరిపోతుంది. ఒళ్ళు పొడిగానే ఉంటుంది, లోపల నీరు తరిగిపోతుంటుంది.

అందుకే పార్కు చెప్పేది ఒకటే. వేసవిలో పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగు దాకా అంచు కింద నడవకూడదు. అంచు నుంచి నది దాకా వెళ్ళి అదే రోజు తిరిగి రావాలని ప్రయత్నించకూడదు, ముఖ్యంగా మే నుంచి సెప్టెంబరు దాకా. ఆ హెచ్చరిక బోర్డులు దారి మొదట్లోనే ఉంటాయి.

ఈ గంటలను మీ యాత్ర వేళలతో పోల్చి చూడండి. ఉదయం ఆరింటికి వేగస్‌లో బయల్దేరిన బస్సు పదకొండు, పన్నెండు గంటల మధ్య పార్కు గేటు చేరుతుంది. వేసవిలో గేటు దగ్గర వరుస ఎక్కువగా ఉండేదీ, పార్కింగ్ నిండిపోయేదీ అప్పుడే. లోపలికి వెళ్ళి భోజనం చేసి అంచు దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంట. అంటే దిగకూడని గంటల్లో సరిగ్గా నడిమి వేళకు మీరే చేర్చినట్టు. దీనికి మందు ఒక రాత్రి బస. పార్కు గేటు బయటే టుసాయన్ అనే ఊరు ఉంది. అక్కడ గదులు దొరక్కపోతే గంట దూరంలో విలియమ్స్, గంటన్నర దూరంలో ఫ్లాగ్‌స్టాఫ్ ఉన్నాయి. ఒక పూట ఖర్చు పెరుగుతుంది. బదులుగా సాయంత్రపు వెలుగూ తెల్లవారి చల్లదనమూ రెండూ దక్కుతాయి. అరిజోనా రాష్ట్రం వేసవిలో గడియారం ముందుకు జరపదు కాబట్టి జూన్‌లో అక్కడ అయిదుంబావుకే తెల్లవారుతుంది. నవాహో తెగవారి నేలలో మాత్రం గడియారం జరుపుతారు. పేజ్ అనే ఊరి వైపు వెళ్ళేటప్పుడు ఫోన్లు గంట ముందుకు వెనక్కి దూకుతుంటాయి. టూరు టికెట్టు మీదున్న సమయం ఏ లెక్కదో ముందే అడిగి తెలుసుకోండి.

దిగాలని పట్టుపట్టే యువకులు, పిల్లల తల్లిదండ్రులు ఎలాగూ ఉంటారు. వద్దనకండి, లెక్క చెప్పండి. చేతిలో ఉన్న సమయాన్ని మూడు భాగాలు చేస్తే ఒక భాగం దిగడానికి, రెండు భాగాలు ఎక్కడానికి. పదింటికల్లా పైన ఉండాలి. అయిదున్నరకు దిగడం మొదలుపెడితే నాలుగున్నర గంటలుంటాయి. అంటే ఏడింటికి ఎక్కడుంటే అక్కడే వెనక్కి తిరగాలి. చేరాలనుకున్న చోటు కనుచూపు మేరలో ఉన్నా సరే. మీ తరఫున ఒకరు వెంట వెళ్తుంటే ఆయన పనల్లా ఏడింటికి ఆ మాట గట్టిగా చెప్పడమే.

బ్రైట్ ఏంజెల్ దారిలో మొదటి విశ్రాంతి మంటపం మైలున్నర దూరంలో, 1,100 అడుగుల కింద ఉంటుంది. వెళ్ళి రావడానికి మూడు మైళ్ళు. ఎండాకాలంలో మొదటిసారి వచ్చిన కుటుంబానికి ఇదే హద్దు అనుకోండి. అక్కడ వేసవి నెలల్లో కుళాయి ఉంటుంది, కొంత నీడ ఉంటుంది. హవసుపాయ్ గార్డెన్స్ అక్కడికి ఇంకో మూడు మైళ్ళు కిందికి. పాత మ్యాపుల్లో దాన్ని ఇండియన్ గార్డెన్ అని చూస్తారు, 2022లో పేరు మార్చారు. దృశ్యం ఎక్కువ కనిపించేది సౌత్ కైబాబ్ దారిలో. అది కొండ వెన్ను మీదుగా సాగుతుంది. మైలు లోపే ఊ ఆ పాయింట్, మైలున్నరకు సీడర్ రిడ్జ్. కానీ ఆ దారి మొత్తంలో ఒక్క చుక్క నీరు దొరకదు, నీడ దాదాపు లేదు. దాని మొదటికి సొంత బండి వెళ్ళనివ్వరు, పార్కు ఉచిత బస్సులోనే వెళ్ళాలి. రెండు దారుల్లోనూ కంచర గాడిదలు వస్తుంటాయి. అవి వచ్చినప్పుడు లోయ వైపు కాకుండా కొండ వైపు ఒదిగి, కదలకుండా, వాటిని నడిపే మనిషి చెప్పినట్టు నిలబడాలి. ఫోటో కోసం లోయ వైపు జరిగేవాళ్ళను ఆపండి.

కుళాయిల మీద పూర్తిగా ఆధారపడకూడదు. సౌత్ రిమ్‌కి నీళ్ళు వచ్చేది ఆవలి వైపున్న రోరింగ్ స్ప్రింగ్స్ నుంచి, పన్నెండున్నర మైళ్ళ పైపు ద్వారా. అది 1960లలో వేసింది, తరచూ పగులుతుంది. పగిలినప్పుడు దారిలోని కుళాయిలు ఎండిపోతాయి. బయల్దేరే రోజు పొద్దున పార్కు వెబ్‌సైట్లో ఏ కుళాయి పనిచేస్తోందో చూడటం యాత్రా కమిటీలో ఒకరి బాధ్యతగా పెట్టండి. ప్లాస్టిక్ నీళ్ళ సీసాల అమ్మకం 2012 నుంచి పార్కులో లేదు. కాబట్టి మనిషికి మూడు నాలుగు లీటర్లు పట్టే సీసాలు ఇంటి నుంచే రావాలి.

నీళ్ళెంత ముఖ్యమో ఉప్పూ అంతే. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కాస్త విడమరుస్తాం. ఎండలో నడిచేటప్పుడు గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా అవసరం. ఏమీ తినకుండా ఉత్త నీళ్ళే గంటలకొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. వికారం, తలనొప్పి, చేతివేళ్ళు ఉబ్బడం, మాట తడబడటం, మత్తుగా ఉండటం కనిపిస్తాయి. చూసేవాళ్ళు వడదెబ్బేమో అనుకుని ఇంకా నీళ్ళు పట్టిస్తారు. దాంతో పరిస్థితి మరింత విషమిస్తుంది, ఫిట్స్ దాకా పోవచ్చు. నీళ్ళు తాగిన ప్రతిసారీ ఉప్పగా ఉన్నదేదో నాలుగు ముక్కలు నోట్లో వేసుకోవాలి. ఈ విషయంలో మన వంటిల్లు సిద్ధంగా ఉంది. జంతికలు, చెక్కలు, కారప్పూస, మిక్స్చర్ బస్సులో అందరికీ పొట్లాలు కట్టి పంచండి. పులిహోర మధ్యాహ్నం దాకా పాడవదు. పెరుగన్నం, మజ్జిగ ఆ వేడికి పులిసిపోతాయి, వాటిని హోటల్లోనే ముగించాలి. ఓఆర్‌ఎస్ పొట్లాలు మనిషికి రెండు చొప్పున ఉంచండి, పొట్లం మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి. బీపీకి ఉప్పు తగ్గించమన్న డాక్టరు మాట ఉన్నవాళ్ళు, నీరు పోయే మాత్రలు వేసుకునేవాళ్ళు ప్రయాణానికి ముందే తమ డాక్టరును అడగాలి. అలాంటివారు వేసవిలో అంచు కిందికి దిగకపోవడమే మంచిది. ఇన్సులిన్‌ను ఎండలో ఆగిన బస్సులో వదలకూడదు.

బట్టల విషయంలో ఎండాకాలానికి నూలు చాలు. వదులుగా ఉన్న నూలు చొక్కాను కుళాయి దగ్గర పూర్తిగా తడిపి వేసుకుంటే ఆరేదాకా ఒళ్ళు చల్లబరుస్తుంది. మెడకు తడి కండువా చుట్టుకోవడం పెద్దలకు చెప్పకుండానే వచ్చు. చెప్పులతో దిగనివ్వకండి. సున్నపురాయి మీద అడుగులు పడిపడి నున్నబడిన చోట్ల, దాని మీది సన్నటి ఇసుక వల్ల, కాలు జారుతుంది.

ఎవరైనా నడుస్తూ నడుస్తూ నిస్సత్తువగా కూలబడితే నీడలో కూర్చోబెట్టి, తలా ఒళ్ళూ తడిపి, ఉప్పగా ఏదైనా తినిపించి, అరగంట ఆగాలి. ఒళ్ళు కాలిపోతూ, మనిషి అయోమయంగా మాట్లాడినా, తూలినా అది వడదెబ్బ. ప్రాణాపాయం. నీళ్ళు తాగించడం కన్నా ఒంటి మీద పొయ్యడం, విసరడం ముఖ్యం. వెంటనే 911కి కబురు వెళ్ళాలి. అంచు కింద చాలాచోట్ల ఫోన్ అందదు. అందుకే ఎవరినీ ఒంటరిగా దిగనివ్వకండి. 2024 వేసవిలో నెల తిరక్కుండా ముగ్గురు ఆ దారుల్లో చనిపోయారు. హెలికాప్టర్ అంబులెన్స్ బిల్లు రోగి మీదే పడుతుంది. తల్లిదండ్రుల ట్రావెల్ ఇన్సూరెన్సులో పాత జబ్బులకు ఏ మేరకు కవరేజి ఉందో యాత్రకు పేరిచ్చేటప్పుడే పిల్లల చేత చదివించండి.

ఇంతకీ పెద్దవాళ్ళకు మిగిలేదేమిటని అడగొచ్చు. చాలా ఉంది. నిజానికి కాన్యన్ బాగా కనిపించేది అంచు మీది నుంచే. 277 మైళ్ళ పొడవు, కొన్నిచోట్ల 18 మైళ్ళ వెడల్పు, మైలుకు పైగా లోతు ఉన్న ఆ లోయ రూపం లోపలికి దిగినవాళ్ళ కళ్ళకు అందదు. మాథర్ పాయింట్ నుంచి యావపై మ్యూజియం మీదుగా పార్కు లోపలి ఊరి దాకా సిమెంటు, తారు పరిచిన దారి ఉంది. పెద్దగా ఎత్తుపల్లాలు లేవు. చక్రాల కుర్చీ నడుస్తుంది. మ్యూజియం దాటాక అది కాలరేఖగా మారుతుంది. ఒక మీటరు నడిస్తే పది లక్షల ఏళ్ళు. పక్కనే ఆయా కాలాల రాళ్ళు తాకి చూడ్డానికి అమర్చారు. పైనున్న కైబాబ్ సున్నపురాయి 27 కోట్ల ఏళ్ళది, అడుగునున్న రాయి 170 కోట్ల ఏళ్ళ పైబడినది. ఆ అడుగు రాతి పేరు విష్ణు శిస్ట్. లోయలో లేచి నిలబడిన రాతి శిఖరాలకు విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్, కృష్ణ ష్రైన్, రామ ష్రైన్ అని పేర్లున్నాయి. 1880ల నాటి సర్వేలో క్లారెన్స్ డట్టన్ అనే భూగర్భ శాస్త్రవేత్త తూర్పు దేశాల దేవుళ్ళ పేర్లు పెట్టే ఒరవడి మొదలుపెట్టాడు. అవి గుళ్ళు కావు, శిఖరాలు. ఆ సంగతి బస్సులోనే చెప్పి, పేర్లు రాసిన మ్యాపు ఒకటి చేతికిస్తే మన పెద్దలు ఆ అంచున గంటసేపు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. గండికోట చూసినవాళ్ళకు పెన్నా నది కోసిన గోడలు గుర్తొస్తాయి, ఆ పోలిక మీద వాళ్ళే మాటలు కలుపుకుంటారు.

హెర్మిట్ రోడ్డు ఏడు మైళ్ళు, లోయను చూసే చోట్లు తొమ్మిది. మార్చి నుంచి నవంబరు దాకా సొంత బండ్లకు ప్రవేశం లేదు, ఉచిత బస్సులు తిరుగుతాయి. నడవలేనివారు ఉన్న కారుకు గేటు దగ్గరో విజిటర్ సెంటర్లోనో అడిగితే ప్రత్యేక అనుమతి పత్రం ఇస్తారు. దానితో ఆ రోడ్డు మీదకీ యాకీ పాయింట్‌కీ వెళ్ళొచ్చు. ఈ వెసులుబాటు చాలా కుటుంబాలకు తెలియక పెద్దలను బస్సు వరుసల్లో నిలబెడుతున్నారు. తూర్పున పాతిక మైళ్ళు వెళ్తే డెసర్ట్ వ్యూ దగ్గర 1932లో మేరీ కోల్టర్ రూపకల్పనలో కట్టిన 70 అడుగుల రాతి బురుజు ఉంది. అక్కడ నది బాగా కనిపిస్తుంది. ఎత్తు వల్ల ఆయాసం వస్తుంది కాబట్టి మొదటి పూట ఎవరినీ తొందరపెట్టకండి.

అంచు పొడవునా కమ్మీలు ఉండవు. ఉన్నవి లోయను చూసే కొన్ని చోట్లే. అంచుకు ఆరడుగుల దూరం పాటించాలి, ఫోటో తీస్తూ వెనక్కి నడవకూడదు. పిల్లల చెయ్యి వదలకూడదు. ఉడతలకు జంతికలు పెట్టనివ్వకండి, అవి కరుస్తాయి, వాటి మీది పురుగుల వల్ల రోగాలొస్తాయి, జరిమానా కూడా ఉంది.

జులై నుంచి సెప్టెంబరు మధ్య దాకా మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడుతుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్ఫై సెకన్ల లోపే ఉంటే అంచు వదిలి బస్సులోకో భవనంలోకో వెళ్ళాలి. చెట్టు కిందికి కాదు. వాన ఎక్కడో పడినా వరద ఇక్కడికి రావచ్చు. పేజ్ దగ్గరి ఆంటెలోప్ కాన్యన్‌లో 1997 ఆగస్టు 12న 11 మంది పర్యాటకులు కొట్టుకుపోయారు. వాన పడింది మైళ్ళ అవతల. ఇప్పుడు గైడు లేకుండా అక్కడికి పంపరు. గైడు ఆ రోజు టూరు రద్దు చేస్తే డబ్బు గురించి వాదించకండి.

నెలలు మార్చగలిగితే అన్నిటికన్నా మేలు. సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు దాకా, లేదా ఏప్రిల్‌లో, పగలు చల్లగా ఉంటుంది. పిల్లల బడి కుదరదంటే పెద్దలకు మాత్రమే ఒక యాత్ర వెయ్యండి. క్రిస్మస్ సెలవుల్లో అయితే దారుల పై భాగం గడ్డకట్టి ఉంటుంది, బూట్లకు తగిలించే ముళ్ళ పట్టీలు కావాలి. రుసుము సంగతి కూడా ప్రకటనలో చేర్చండి. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేని పదహారేళ్ళు నిండినవారికి గ్రాండ్ కాన్యన్‌తో సహా 11 పార్కుల్లో మామూలు రుసుము మీద మనిషికి 100 డాలర్లు అదనం. నివాసం లేనివారి వార్షిక పాస్ 250 డాలర్లు, ఉన్నవారిది 80. సందర్శక వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు ఇది పెద్ద తేడా. మీరు వెళ్ళే బస్సుకో కారుకో ఇది ఎలా వర్తిస్తుందో డబ్బు వసూలు చేసే ముందే పార్కును అడిగి రాతలో తీసుకోండి.

మేం కోరేవి ఇవి. వచ్చే వేసవి యాత్రల నుంచి వేగస్ నుంచి ఒక్కరోజులో వెళ్ళివచ్చే సౌత్ రిమ్ ప్రయాణాన్ని జాబితాలోంచి తీసెయ్యండి. పేరు నమోదు పత్రంలో వయసు, వేసుకునే మందులు, మోకాళ్ళ, గుండె సమస్యలు, ఇన్సూరెన్సు వివరం అడగండి. వెనక్కి తిరిగే సమయం, నీళ్ళు, ఉప్పు, వడదెబ్బ గుర్తులు, పిడుగు జాగ్రత్త ఉన్న ఒకే ఒక్క కాగితం పెద్ద అక్షరాల తెలుగులో అచ్చు వేసి బస్సెక్కేటప్పుడు ప్రతి పెద్దాయనకూ, పెద్దావిడకూ చేతికివ్వండి. ఆంగ్లంలో ఉన్న హెచ్చరిక బోర్డులు మన అమ్మమ్మలు, తాతయ్యలు చదవలేరు. ఈ లేఖలోని ఏ భాగాన్నైనా ఆ కాగితానికి వాడుకోండి, మా అనుమతి అక్కర్లేదు. ముసాయిదా పంపితే సరిచూసి ఇస్తాం.

ఇట్లు,
కాన్యన్ దారులు బాగా తెలిసిన కొందరు తెలుగు సభ్యులు